టైఫాయిడ్ రాని అమ్మాయికి టైఫాయిడ్ రాసిచ్చాను

2023, కార్తీక మాసం. రాజమండ్రి ఊరి బయట, హైవే పక్కన ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో అటెండెన్స్ సెక్షన్ నాది. కాలేజీ పేరు రాయను. రాస్తే వాళ్ళకి కోపం వస్తుందని కాదు, చుట్టుపక్కల కాలేజీల వాళ్ళు ‘హమ్మయ్య, మనం కాదు’ అని ఊపిరి పీల్చుకుంటారని. అలా పీల్చుకునే అర్హత ఎవరికీ లేదు. అప్పటికి ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. పిల్లలూ లెక్చరర్లూ అందరూ సూర్యకుమారి మేడం అంటారు. వెనకాల ఇంకేవో కూడా అంటారు, నా నోరు అలాంటిది.

మా పని తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఇంజనీరింగ్ పిల్లలకి హాజరు నూటికి డెబ్బై అయిదు ఉంటేనే పరీక్ష. అరవై అయిదుకీ డెబ్బై అయిదుకీ మధ్య ఆగిపోతే, జబ్బు చేసి రాలేకపోయామని డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి, ఈసారికి మన్నించమని అడగాలి. దీన్ని కండొనేషన్ అంటాం. డాక్టరు సర్టిఫికెట్‌ని ఎం.సి. అంటాం. హాజరు అరవై అయిదు కన్నా తగ్గినా, ఎం.సి. చెల్లకపోయినా డిటెయిన్. అంటే ఆ సెమిస్టరు పోయినట్టే. మళ్ళీ ఏడాది జూనియర్ల పక్కన కూర్చుని అదే పాఠం వినాలి. నియమంలో తప్పేమీ లేదు. నిజంగా మంచాన పడిన పిల్లకి ఒక దారి ఉండాలని ఎవరో మంచి బుద్ధితోనే పెట్టి ఉంటారు.

ఆ దారిని మేం ఏం చేశామో చెప్తాను.

ఊళ్ళో ఒక డాక్టరు గారున్నారు. సెమిస్టరు ఆఖరి పదిహేను రోజుల్లో ఆయన కాంపౌండరు స్కూటీ మీద వచ్చి, లెటర్‌హెడ్ల కట్ట నా టేబుల్ మీద పెట్టి వెళ్ళేవాడు. ప్రతి కాగితం మీదా కింద సంతకం, స్టాంపు, రిజిస్ట్రేషన్ నంబరు సిద్ధంగా ఉండేవి. పేరు, రోల్ నంబరు, జబ్బు, తేదీలు మాత్రం ఖాళీ. ఆ ఖాళీలు నింపేది నేను. ఆయన ఫీజు ఆయనకే వెళ్ళేలా స్కానర్ స్టిక్కరు నా కిటికీ అద్దానికే అంటించి ఉండేది. పిల్లలు ఫోను చూపించేవాళ్ళు, టింగుమనేది, నేను పెన్ను తీసేదాన్ని.

జబ్బుల్లో కూడా ఒక పద్ధతి ఉండేది. పది రోజులు చాలనుకుంటే వైరల్ ఫీవర్. మూడు వారాలు కావాలంటే టైఫాయిడ్. నెల కావాలంటే పచ్చకామెర్లు. ఎక్కువమందికి మూడు వారాలతో సరిపోయేది కాబట్టి టైఫాయిడే ఎక్కువ. నా చేతి రాతతో ఎంతమందికి జ్వరం తెప్పించానో ఆ భగవంతుడికే తెలియాలి. ఇందులో చాటుమాటు కూడా ఏమీ లేదు. తల్లిదండ్రులకి తెలుసు, లెక్చరర్లకి తెలుసు, ప్రిన్సిపాల్ గారికి తెలుసు. అందరికీ అదొక కరెంటు బిల్లు కట్టడం లాంటిది.

నేను డబ్బు ముట్టలేదు. అదో గొప్ప అనుకునేదాన్ని. దీపావళికి డాక్టరు గారి దగ్గర్నుంచి ఆఫీసుకి తాపేశ్వరం కాజాల డబ్బా వచ్చేది, అందరితో పాటు నేనూ తిన్నాను. తిలా పాపం తలా పిడికెడు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ ఏడు కండొనేషన్ కాగితాలకి ఆఖరి రోజు. కిటికీ దగ్గర జాతరలా ఉంది. మూడో ఏడు చదివే కరుణ అనే అమ్మాయి పక్కగా నిలబడి, జనం పలచబడేదాకా ఆగింది. కొవ్వూరు అవతల పల్లెటూరు వాళ్ళది. రోజూ కాలేజీ బస్సులో గోదావరి బ్రిడ్జి దాటి వస్తుంది. వాళ్ళ నాన్నగారు దేవదానం మాస్టారు, ప్రాథమిక పాఠశాలలో టీచరు. హాజరు అరవై ఏడు. మొదటి రెండేళ్ళూ తొంభైకి తగ్గని పిల్ల, ఈసారి అరవై ఏడుకి ఎందుకు పడిందో అని నాకు అనుమానం రావాలి. రాలేదు.

కిటికీలోంచి మడత పెట్టిన కాగితాలు ఇచ్చింది. ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీలు, మూడు కలిపి పిన్ను కొట్టి ఉన్నాయి. పైన సైకియాట్రీ అని స్టాంపు.

“ఆగస్టు నుంచి బాగుండట్లేదు మేడం,” అంది మెల్లిగా. “బస్సు బ్రిడ్జి ఎక్కేసరికే గుండె దడ మొదలయ్యేదండి. గేటు దగ్గరికొచ్చేసరికి చేతులు తిమ్మిరెక్కేసి ఊపిరాడేది కాదు. చచ్చిపోతానేమో అనిపించేది. లోపలికి రాకుండా ఆటో ఎక్కి వెనక్కెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు మందులు వాడుతున్నానండి, నెల నుంచి కాస్త నయం.”

నేను విన్నాను. విన్నానని అనుకున్నాను. వెనక నలుగురు తోసుకుంటున్నారు, కట్టలో లెటర్‌హెడ్లు అయిపోవస్తున్నాయి. ఆ చీటీల మీద స్టాంపు తప్ప ఒక్క అక్షరం చదవలేదు.

“ఇది చెల్లదమ్మా,” అన్నాను.

“అదేంటండి? గవర్నమెంటు డాక్టరు గారే రాశారు కదండీ.”

“ఫార్మాట్‌లో లేదు. మనకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉండాలి. అయినా ఇలాంటివి ఫైల్లో పడితే రేపు కంపెనీల వాళ్ళు ఇంటర్వ్యూలకొచ్చినప్పుడు పేచీ. నీ మంచికే చెప్తున్నా.”

అలవాటు కొద్దీ ఆ చీటీ వెనక్కి తిప్పి, ‘ఫార్మాట్‌లో లేదు, ఎం.సి. తేవలెను’ అని రాసి, పొట్టి సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చేశాను. ఏ కాగితం తిప్పి పంపినా అలా రాయడం మా సెక్షన్‌లో ఆనవాయితీ. తర్వాత లెటర్‌హెడ్ ఒకటి తీసి, “టైఫాయిడ్ రాసేస్తున్నా, సెప్టెంబరు రెండో వారం నుంచి మూడు వారాలు. కింద నీ సంతకం పెట్టు,” అన్నాను.

“నాకు టైఫాయిడ్ రాలేదు మేడం.”

“ఎవరికీ రాలేదమ్మా!” అన్నాను.

వెనకున్న కుర్రాళ్ళు గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

“నాన్నగారిని అడిగి రేపు పెడతానండి,” అంది.

“రేపు లేదు తల్లీ. గడువు ఈ సాయంత్రం అయిదింటి దాకానే. తర్వాత నీ ఇష్టం.”

చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడింది. చివరికి సంతకం పెట్టింది. ఫోను చూపించి ఫీజు కట్టింది. ఓపీ చీటీలు జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. మంచి సలహా ఇచ్చి ఒక పిల్లకి ఏడాది మిగిల్చానని అనుకుంటూ నేను ఇంటికి బస్సెక్కాను.

రెండు వారాలు తిరక్కుండానే యూనివర్సిటీ నుంచి విచారణకి ఒక అధికారి వచ్చారు. కారణం మా కాలేజీ వాళ్ళ గొప్పే. కాలేజీ ఫెస్ట్‌లో ఒక కుర్రాడు స్టేజీ మీద పిల్లిమొగ్గలు వేసి డాన్సు చేశాడు. ఆ వీడియోని పేరుతో సహా కాలేజీ పేజీలో మా వాళ్ళే పెట్టుకున్నారు. ఆ వారమంతా ఆ కుర్రాడికి టైఫాయిడని, మంచం దిగలేని స్థితి అని రాసింది నేను. ఎవరో పుణ్యాత్ముడు రెండూ జత చేసి యూనివర్సిటీకి పంపించాడు.

వచ్చినాయన పెద్దవాడు. కేకలు వేయలేదు. ఎం.సి.ల ఫైలు తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “మీ కాలేజీకి మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?” అని అడిగారు.

ప్రిన్సిపాల్ గారికి అర్థం కాక, “బోరు సార్, ఆర్వో ప్లాంటు కూడా ఉంది,” అన్నారు.

“మరి ఒక్క సెమిస్టర్లో ఇంతమందికి టైఫాయిడ్ వస్తే ఆ ప్లాంటు మూయించలేదేం?”

“అది సీజన్ సార్.”

“సీజన్ మామిడిపళ్ళకుంటుందండి. అందరికీ ఒకే డాక్టరు, ఒకే చేతిరాత. అదీ సీజనేనా?”

నేను బీరువా పక్కన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన ఆ కట్టలోని కాగితం ఒక్కటీ చెల్లదని రాసేశారు. కండొనేషన్ అడిగిన వాళ్ళందరినీ డిటెయిన్ లిస్టులో పెట్టమన్నారు. శనివారం సాయంత్రం మళ్ళీ వచ్చి ఆఖరి లిస్టు తీసుకుంటానన్నారు. సోమవారం నుంచి పరీక్షలు. అది బుధవారం. లిస్టు టైపు చేసింది కూడా నేనే. కరుణ పేరు టైపు చేస్తున్నప్పుడు నా వేలు ఒక్క క్షణం ఆగింది, అంతే. తర్వాతి పేరుకి వెళ్ళిపోయాను.

గురువారం పొద్దున్నే దేవదానం మాస్టారు వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో గుడ్డసంచి. అప్పటికే అరడజను మంది తండ్రులు ఆఫీసులో అరుస్తున్నారు. ఈయన అరవలేదు. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఆ మూడు ఓపీ చీటీలు తీసి టేబుల్ మీద వరసగా పెట్టారు.

“మేడం గారండి, మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చిందని రాశారట.”

“అదీ... అందరికీ అలాగే రాస్తామండి మాస్టారూ.”

“అందరి సంగతి నాకొద్దండి. ప్రతి మంగళవారం సెలవు పెట్టి, ఆసుపత్రి వరండాలో దాని పక్కన కూర్చున్నది నేను. దానికున్న జబ్బేంటో నాకు తెలుసు. ఆ డాక్టరమ్మ గారు పైసా తీసుకోకుండా అరగంట మాట్లాడి రాసిచ్చిన కాగితమండి ఇది. దీన్ని వెనక్కిచ్చేసి, దాన్ని ఎప్పుడూ చూడని డాక్టరు దగ్గర కొన్న కాగితం పెట్టించారేంటండి?”

జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది. “అమ్మాయే సంతకం పెట్టిందండి, మేమేమీ చెయ్యిపట్టి పెట్టించలేదు,” అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. “అదే నాతో చెప్పిందండి. ‘నేను అబద్ధం మీద సంతకం పెట్టాను నాన్నా’ అని. నిన్న మధ్యాహ్నం నుంచి మంచం దిగలేదు, అన్నం తినలేదు. పరీక్ష పోయిందని కాదండి. తప్పు చేసింది కాబట్టే పోయిందంటుంది. నెలరోజుల మందులతో వచ్చిన నయమంతా ఒక్క రోజులో పోయింది. ఈ ఏడు పోతే అది మళ్ళీ కాలేజీ మొహం చూడదు. నాకు తెలుసు, నా కూతురు.”

అప్పుడు ఆ చీటీలు చేతిలోకి తీసుకుని చదివాను. నిజంగా చదవడం అదే మొదటిసారి. ఎన్నిసార్లు వచ్చింది, ఏ తేదీల్లో వచ్చింది, ఏ మందు ఎంత, అన్నీ ఉన్నాయి. తేదీల్లేవని నేను తిప్పి పంపిన కాగితంలో నాకు కావలసిన తేదీలు మూడో చీటీ మీద వరసగా ఉన్నాయి. చివర్న డాక్టరమ్మ గారు ఇంగ్లీషులో రాసిన మాట: ఈ తేదీల్లో తరగతులకు హాజరు కాలేకపోయింది, ఇప్పుడు పరీక్షలు రాయగలదు, దయచేసి రాయనివ్వండి. వెనక్కి తిప్పాను. నా రాత, నా పొట్టి సంతకం. చదువుకున్నదాన్ని, ఇరవై రెండేళ్ళ సర్వీసున్నదాన్ని, ఒక పేజీ తిప్పి చదవడానికి నాకు బద్ధకమేసింది.

“ఇవి నా దగ్గర ఉంచండి మాస్టారూ,” అన్నాను. ఆయన ఇవ్వలేదు. జెరాక్స్ తీయించుకోమన్నారు. మమ్మల్ని నమ్మకపోవడంలో తప్పేముంది?

శుక్రవారం లంచ్ టైములో ఆ లెటర్‌హెడ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక్క ముక్క రాసిస్తే చాలనుకున్నాను: ఈ అమ్మాయిని నేను చూడలేదు, కాగితం ఆఫీసులో నింపారు అని. అప్పుడు ఆ టైఫాయిడ్ తప్పు అమ్మాయి నెత్తి మీదనుంచి దిగుతుంది, ఓపీ చీటీ నిలబడుతుంది. ఇన్నేళ్ళుగా ఆయన సంతకాలు మోసినా, ఆయన గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. ఏసీ, గోడకి సన్మానపత్రాలు, పేషెంట్లు ఇద్దరు.

విషయం చెప్పాను. ఆయన ఏమాత్రం కంగారుపడలేదు.

“నేను చూడలేదని నేనే రాసివ్వాలా? భలేవారే మీరు! ఆ ఫైల్లో ఉన్న వాళ్ళలో నేను ఎవర్ని చూశానండీ?”

“ఈ అమ్మాయికి నిజంగా జబ్బుందండి. కాలేజీకి రావాలంటే భయం, ఒత్తిడి. పెద్ద డాక్టరే చూస్తున్నారు.”

“అలాగా! స్ట్రెస్సన్నమాట. మొదటే చెప్పాల్సిందండి, స్ట్రెస్సనే రాసిద్దుం.” కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఆలోచించారు. “ఇదేదో బాగుందండోయ్. టైఫాయిడంటే బ్లడ్ రిపోర్టేది అని అడుగుతాడు. స్ట్రెస్‌కి రిపోర్టేముంటది? ఏ పిల్లాడికి లేదండీ స్ట్రెస్సు ఈ రోజుల్లో? నాకింతకాలం తట్టలేదు చూడండి. పాత తేదీ వేసి ఇప్పుడే ఇచ్చేస్తాను. కాకపోతే కొత్తరకం కదా, మామూలుకి డబుల్ అవుద్ది. మీరొచ్చారు కాబట్టి కాస్త తగ్గిస్తాలెండి.”

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. “సిగ్గు లేదటండీ మీకు? ఆ పిల్ల గేటు దగ్గర ఊపిరాడక చస్తోంది, మీరు దానికి రేటు కడుతున్నారా?” అని అరిచేశాను. బయట కూర్చున్న పేషెంట్లు తొంగి చూశారు.

ఆయన నవ్వారు. “గొంతు తగ్గించండమ్మా. నేను సంతకాలే పెట్టాను. జబ్బులు రాసింది మీరు కదా.”

ఆ మాటకి తలుపు తోసుకుని వచ్చేశాను. బయట ఎండలో నిలబడ్డాను. అంత నిజం ఆయన నోట వినాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది.

శనివారం మధ్యాహ్నం నేనొక కాగితం రాసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ‘ఫలానా విద్యార్థిని ఇచ్చిన ప్రభుత్వాసుపత్రి చీటీలను చదవకుండా నేను తిరస్కరించాను. టైఫాయిడ్ అని నేనే నింపి, గడువు అయిపోతోందని తొందరపెట్టి సంతకం పెట్టించాను. చీటీ వెనక ఉన్న రాత నాది.’ అంతే, నాలుగు లైన్లు.

ఆయన చదివి తలుపు వేశారు. “ఇదేంటి సూర్యకుమారి గారూ? మీకు మతి పోయిందా? ఆ డాక్టరెవరో, ఆ సంతకాలేంటో మనకి తెలియదని చెప్పి గట్టెక్కుదామని నేను చూస్తుంటే! పిల్లలే తెచ్చారంటే అయిపోయేదానికి, మీరే నింపామని రాసిస్తారా? కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?”

“కందకి దురద లేదని ఎవరన్నారు సార్? ఆ పిల్ల మూడు రోజులుగా మంచం దిగలేదు.”

“ఉద్యోగం పోద్ది, ఆలోచించుకోండి. ప్రైవేటు కాలేజీ ఇది. రిటైరయ్యేదాకా ఉండాలని లేదా?”

భయం వేయలేదని అబద్ధం చెప్పను. యాభై దాటినదాన్ని, నన్నెవరు తీసుకుంటారు? అయినా ఆ గదిలో పిల్లల మీదకే నెట్టేద్దామని అంత తేలిగ్గా ఆయన అనేసరికి, భయం మీద కోపం గెలిచింది. “చుట్టుకుంటే నాకే చుట్టుకోనివ్వండి,” అని కాగితం లాక్కుని బయటికొచ్చాను.

మూడింటికే విచారణాధికారి వచ్చారు. లిస్టు మీద సంతకం పెట్టబోతుంటే నా కాగితం, చీటీల జెరాక్సులు ఆయన ముందు పెట్టాను. దేవదానం మాస్టారు నేను రమ్మంటే అసలు చీటీలతో వచ్చి వరండాలోనే ఉన్నారు. ఆయన్ని లోపలికి పిలిచాను. అధికారి ముందూ వెనకా మెల్లిగా చదివారు.

“ఈ వెనకున్న రాత?”

“నాదేనండి.”

ఫైల్లో టైఫాయిడ్ కాగితాల కట్ట నా వైపు తిప్పారు. “మరి ఇవి?”

“అవీ నావేనండి. అన్నీ.”

ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అధికారి ఆసుపత్రికి ఫోను చేయించి, ఓపీ రిజిస్టర్లో కరుణ పేరూ తేదీలూ సరిచూపించారు. చీటీలనే ఎం.సి.గా తీసుకుంటున్నానని రాసి, లిస్టులో ఆ ఒక్క పేరు కొట్టేశారు. నాలుగున్నరకి హాల్ టికెట్ ప్రింట్ తీసి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, నాకు నమస్కారం కూడా పెట్టకుండా బస్సు అందుకోవడానికి పరిగెత్తారు. సోమవారం కరుణ పరీక్షకి వచ్చింది. అన్ని పేపర్లూ రాసింది, అన్నీ పాసయింది.

మిగతావాళ్ళ సెమిస్టరు పోయింది. వాళ్ళకి తగిన శాస్తి అని కొందరన్నారు. నేననను. ఆ దారి చూపించింది మా కిటికీయే కదా. నాకు మెమో ఇచ్చారు, ఇంక్రిమెంట్ ఆపారు, అటెండెన్స్ సీటు తీసేసి రెండు టేబుళ్ళ అవతల స్కాలర్‌షిప్పుల దగ్గర కూర్చోబెట్టారు. అది న్యాయమే. ఆ డాక్టరు గారికి మాత్రం దున్నపోతు మీద వాన కురిసినట్టే. సంతకాలు తనవి కావని, ఎవరో లెటర్‌హెడ్లు దొంగిలించారని రాసిచ్చి బయటపడ్డారు.

బయటపడి ఊరుకున్నా బాగుండేది. మరుసటి ఏడు సెమిస్టరు చివర్లో నా పాత సీటులో కొత్తగా చేరిన కిశోర్ అనే కుర్రాడి టేబుల్ మీద ఎం.సి.లు చూశాను. టైఫాయిడ్ ఒక్కటి లేదు. అందరికీ స్ట్రెస్, యాంగ్జయిటీ. ఇంగ్లీషులో చక్కగా టైపు చేసి, పేరుకి మాత్రం ఖాళీ వదిలిన కాగితాలు. అదే డాక్టరు గారు, కొత్త లెటర్‌హెడ్. ఆ ఐడియా ఆయనకి ఎవరి నోటి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

అదే వారం కరుణ వచ్చింది. నాలుగో ఏడు. మధ్యలో జబ్బు మళ్ళీ తిరగబెట్టిందట, హాజరు డెబ్బై ఒకటి. ఆసుపత్రి చీటీలు ఈసారి ఫైలులో పెట్టి, డాక్టరమ్మ గారితో తేదీలన్నీ విడిగా రాయించుకుని, కిశోర్ కిటికీలో ఇచ్చింది.

కిశోర్ పైపైన చూశాడు. “స్ట్రెస్సా? నువ్వు కూడానా? ఎంతిచ్చావేంటి?” అన్నాడు.

“ఇది ప్రభుత్వాసుపత్రిదండి. డబ్బులిచ్చింది కాదు.”

“అందరూ అలాగే అంటారులే. నిన్నటి నుంచి కాలేజీ అంతా స్ట్రెస్సే. ఏంటీ ఎటకారం?”

వెనకాల లైన్లో వాళ్ళు గొల్లుమన్నారు. అదే నవ్వు. ఒక ఏడాది కింద దాన్ని మొదలుపెట్టింది నేను.

కుర్చీ తోసుకుని లేచాను. కిశోర్ చేతిలోంచి ఆ ఫైలు లాక్కున్నాను. “చదవరా ముందు! చదివాక మాట్లాడు!” అని ఆఫీసంతా వినపడేలా కేకేశాను. వాడు బిత్తరపోయాడు. నేనే పక్కన నిలబడి వాడి చేత ప్రతి పేజీ చదివించి, రిజిస్టర్లో ఎక్కించి, అందినట్టు రసీదు రాయించాను. బయటికెళ్ళి ఆ రసీదు కరుణ చేతిలో పెట్టాను.

“ఇంక నీకేం భయం లేదమ్మా,” అన్నాను.

ఆ అమ్మాయి రసీదు వైపు చూడలేదు. నా వైపు కూడా చూడలేదు. చాలా మామూలుగా, బస్సు టైము అడిగినట్టు అంది.

“వద్దు మేడం. నాకు టైఫాయిడే రాసిచ్చేయండి. దానికైతే ఎవరూ నవ్వరు.”

ఇరవై మూడేళ్ళు ఆ కాలేజీలో పనిచేసి నేను నేర్చుకున్నదేంటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. అబద్ధం మీద సంతకం పెట్టినందుకు మూడు రోజులు అన్నం మానేసిన పిల్ల నోటి వెంట ఆ మాట రప్పించడానికి మాకు ఒక్క ఏడాది చాలింది.